బొమ్మ బాహుబలి ఉత్తరీయం ఎందుకు జాలువారదు?

సినిమా వీరుల బొమ్మలు సేకరించేవారిలో కొందరు కొన్న బొమ్మతో సరిపెట్టుకోరు. తెరపై కనిపించినట్టే దుస్తులు కుట్టి తొడుగుతారు. బాగా వాడుకలో ఉన్న కొలత 1:6. అంటే ఆరడుగుల బాహుబలి దాదాపు 30 సెంటీమీటర్ల బొమ్మ అవుతాడు.

అసలు ఉత్తరీయానికి వాడిన బట్టనే ఆరో వంతు కొలతలతో కుడితే? అది అట్టముక్కలా బిగుసుకుని నిలబడుతుంది. ఎందుకో తెలియాలంటే ఒక జేబురుమాలును బల్ల అంచు నుంచి ఒక సెంటీమీటరు బయటికి జరపండి. వంగదు. జానెడు జరిపితే వేలాడుతుంది. బరువు బట్టను కిందికి లాగుతుంది, బిరుసుతనం వంగనివ్వదు. పొట్టి ముక్కలో బిరుసుతనానిదే పైచేయి.

ఈ వంపును కొలిచే పద్ధతిని 1930లో ఎఫ్.టి. పియర్స్ వివరించారు. దాని ప్రకారం బొమ్మపై అవే మడతలు రావాలంటే బిరుసుతనం, బరువుల నిష్పత్తి 216వ వంతుకు (6×6×6) తగ్గాలి. బట్టను పలుచటి రేకుగా భావిస్తే, మందం ఆరో వంతు చేసినా ఆ నిష్పత్తి 36వ వంతుకే తగ్గుతుంది. మందం దాదాపు 15వ వంతు కావాలి. అంటే 0.3 మిల్లీమీటర్ల బట్టకు బదులు 0.02 మిల్లీమీటర్లది. తల వెంట్రుక కన్నా పలుచన!

నిలువెత్తు బొమ్మకు ఈ చిక్కు లేదు. బ్యాంకాక్ మేడమ్ టుస్సాడ్స్‌లో 2017లో పెట్టిన ప్రభాస్ బాహుబలి మైనపు బొమ్మ అలాంటిదే. చిన్న బొమ్మకైతే సన్నని పట్టు, షిఫాన్ ఎంచుకుంటారు. అంచులో సన్నని తీగ దూర్చి మడతలను చేత్తో మలుస్తారు. లేదా నీళ్లు కలిపిన జిగురు రాసి, మడతపెట్టి ఆరబెడతారు.

బట్ట కొనేముందు మీరూ బల్ల పరీక్ష చేయండి. అతి తక్కువ పొడవులోనే వంగే బట్ట మీ బొమ్మకు నప్పుతుంది.