నెట్‌కి దారి చెప్పేదెవరు?

2008 ఫిబ్రవరి 24. యూట్యూబ్‌ని దేశంలో ఆపేయమని పాకిస్థాన్ ప్రభుత్వం ఆదేశించింది. పాకిస్థాన్ టెలికాం ఆపేసింది. ఆ దెబ్బకి యూట్యూబ్ పాకిస్థాన్‌లోనే కాదు, ప్రపంచంలో చాలాచోట్ల మాయమైంది. సర్వర్లు చెడిపోలేదు, ఎవరూ హ్యాక్ చేయలేదు. దారి తప్పిందంతే!

టెలికాం కంపెనీలు, యూనివర్సిటీలు, గూగుల్ లాంటి సంస్థలు... ఇలా ఎవరికివారు నడుపుకునే వేల నెట్‌వర్కులు కలిస్తేనే ఇంటర్నెట్. ఏ అడ్రసుకి ఎటు వెళ్లాలో వాటి రౌటర్లు ఒకదానికొకటి చెప్పుకునే పద్ధతే బీజీపీ... బోర్డర్ గేట్‌వే ప్రొటోకాల్. 1989లో సిస్కో ఇంజినీరు కిర్క్ లాహీడ్, ఐబీఎంకి చెందిన యాకోవ్ రెఖ్టర్ భోజనాల దగ్గర కూర్చుని న్యాప్‌కిన్ల మీద దాని నమూనా గీశారు. నెట్ అప్పటికింకా చిన్నది. అందుకేనేమో, ‘ఈ అడ్రసులు నావి’ అని ఒక నెట్‌వర్క్ అంటే, నిజమేనా అని నిలదీసే ఏర్పాటు అందులో లేదు.

పాకిస్థాన్‌లో జరిగిందీ అదే. యూట్యూబ్ తన 1,024 అడ్రసుల్ని ఒకే గుత్తిగా ప్రకటించేది. పాకిస్థాన్ టెలికాం అందులో 256 తనవేనంది. దేశం లోపలే ఉండాల్సిన ఆ ప్రకటన బయటికి పొక్కింది. ఇద్దరు దారి చెబితే చిన్న గుత్తిని చెప్పినవారి మాటే వినాలన్నది రౌటర్ల నియమం. హాంకాంగ్‌లోని టెలికాం కంపెనీ పీసీసీడబ్ల్యూ సరిచూసుకోకుండానే ఆ ప్రకటనని ప్రపంచానికి చేరవేసింది. నన్నడిగితే అసలు తప్పు ఇక్కడే ఉంది. యూట్యూబ్ కూడా 256, ఆపైన 128 అడ్రసుల చిన్న గుత్తులు ప్రకటించి కాచుకుంది. రెండు గంటలు దాటాకగానీ పీసీసీడబ్ల్యూ ఆ దొంగదారిని మూయలేదు.

నెట్‌లో దారుల్ని లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ అంతా పెద్ద కంపెనీలదే అనుకుంటాం. కానీ ప్రాగ్‌లోని చార్లెస్ యూనివర్సిటీ విద్యార్థులు ప్రాజెక్టుగా రాసిన ‘బర్డ్’ ఇవాళ నెట్‌వర్కులు కలుసుకునే ఎన్నో ఇంటర్నెట్ ఎక్స్ఛేంజీల్లో పనిచేస్తోంది. జపాన్‌కు చెందిన కునిహిరో ఇషిగురో మొదలుపెట్టిన ‘జీబ్రా’ నుంచి ‘క్వాగా’, దాన్నుంచి ‘ఎఫ్ఆర్ఆర్’ పుట్టాయి. అన్నీ ఉచితమే, ఎవరైనా తెచ్చుకుని వాడుకోవచ్చు.

దొంగ ప్రకటనల్ని పట్టే ఆర్‌పీకేఐ పద్ధతి కూడా వచ్చి చాలా ఏళ్లయింది. పొలానికి పట్టాదారు పాస్‌పుస్తకంలా, ఏ అడ్రసుల్ని ఏ నెట్‌వర్క్ ప్రకటించవచ్చో డిజిటల్ సంతకంతో చెప్పే పత్రమది. బర్డ్, ఎఫ్ఆర్ఆర్ రెండూ ఆ పత్రంతో పోల్చి, సరిపడని ప్రకటనని పారేయగలవు. మధ్యలోని దారి నిజమో కాదో మాత్రం అది చెప్పలేదు. అయినా అప్పట్లో ఉండుంటే 2008 నాటి ప్రకటనని గుమ్మంలోనే ఆపేసేది. కాకపోతే తనిఖీ పెట్టుకోవాలని బలవంతమేమీ లేదు, ఎవరిష్టం వారిది.

మీ నెట్ కంపెనీ ఆ తనిఖీ చేస్తోందో లేదో చూసుకునేందుకు క్లౌడ్‌ఫ్లేర్ 2020లో ఓ ఉచిత పరీక్ష పెట్టింది. ఒక్క నిమిషం పని. చేయడంలేదని తేలితే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఎందుకని అడగండి.