రాత్రి రైలు

క్రిందటి శీతాకాలం నాలుగు నెలలు అమెరికాలో మా అమ్మాయి దగ్గర వున్నాను. వాళ్ళుండేది టెక్సాస్ రాష్ట్రానికి ముఖ్యపట్టణమైన ఆస్టిన్‌లో. ఆదివారం వచ్చిందంటే ఆ వీధిలో ఏ ఇంట చూసినా టెలివిజన్ ముందు ఫుట్‌బాల్. మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు సుమండీ! పేరులో కాలు వున్నదే గాని, ఆటంతా చేతులతోనూ భుజాలతోనూ నడుస్తుంది. బంతి కూడా గుండ్రంగా వుండదు. రెండు కొసలూ తేలిన తోలు బంతి. ముఖాలకు కడ్డీల ముసుగులు తగిలించుకుని ఇరవై ఇద్దరు మనుషులు పొట్టేళ్ళలా ఢీకొంటూంటే, ‘ఇదేం ఆటరా దేవుడా!’ అనుకుని మొదటిరోజునే కుర్చీ వెనక్కు జరుపుకున్నాను.

మా మనుమడికి పధ్నాలుగేళ్ళు. బడి జట్టులో వాడూ ఆ ఆటే ఆడుతున్నాడు. తలకు దెబ్బ తగులుతుందేమోనని మా అమ్మాయికి నిత్యం భయమే. ఒక సాయంత్రం వాడు మూతి ముడుచుకుని ఇంటికి వచ్చాడు. ఏమిరా అంటే, “నన్ను కార్నర్‌బాక్‌గా వేశారు తాతయ్యా! బంతి నా చేతికే రాదు. నేనొక్క తప్పు చేస్తే మాత్రం మైదానమంతా నన్నే చూస్తుంది” అన్నాడు.

వాణ్ణి ఓదార్చటానికైనా ఆ పనేమిటో తెలుసుకోవాలనిపించింది. దగ్గరలోని గ్రంథాలయం నుంచి నాలుగు పుస్తకాలు తెచ్చుకుని కూర్చున్నాను. అందులో ఒక మనిషి కథ నన్ను పట్టుకుని వదలలేదు. అతని పేరు రిచర్డ్ లేన్. ఆ ఆటలో కార్నర్‌బాకులందరిలోకీ మేటి అని పేరు పొందినవాడు. అతడు పుట్టిందెక్కడనుకున్నారు? నేను కూర్చుని చదువుతున్న ఆ ఆస్టిన్‌లోనే!

అంచున నిలబడేవాడు

ముందు ఆ పని సంగతి చెబుతాను. జట్టుకు పదకొండు మంది. మైదానం నూరు గజాలు. బంతి చేతిలో వున్న జట్టు నాలుగు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు వెళ్ళాలి. వెళ్ళలేకపోతే బంతి ఎదుటివాళ్ళది. క్వార్టర్‌బాక్ అనే నాయకుడు బంతిని దూరంగా విసురుతాడు. దాన్ని అందుకోవటానికి ఒకడు అంచు వెంబడి పరుగెత్తుతాడు. అతణ్ణి కాపు కాయవలసినవాడే కార్నర్‌బాక్.

చెడుగుడులో కూతకు వచ్చినవాడు ఎటు దూకుతాడో వాడికే తెలుసు. పట్టేవాడు వాడి నడుము కేసి చూస్తూ కాచుకోవాలి. ఇదీ అంతే. పరుగెత్తేవాడికి తానెక్కడ మలుపు తిరుగుతాడో తెలుసు. కార్నర్‌బాక్‌కు తెలియదు. అతడు ముందు వెనక్కు అడుగులు వేస్తూ, చటుక్కున తిరిగి, అవతలివాడితో సమంగా పరుగెత్తాలి. బంతి అవతలివాడికి అందితే జనమంతా ఇతణ్ణి వేలెత్తి చూపుతారు. అందకపోతే ఇతణ్ణి తలచుకునేవాడు వుండడు. అతని పేరు మోగేదల్లా విసిరిన బంతిని మధ్యలో తానే అందుకున్నప్పుడు. దాన్ని ఇంటర్‌సెప్షన్ అంటారు. అంతటితో ఎదుటి జట్టు వంతు ముగిసినట్లే.

రాధేయుని వంటి బాల్యం

1927లో పుట్టిన ఆ బిడ్డ, మూడు నెలల పసిగుడ్డుగా వున్నప్పుడు పాత వార్తాపత్రికలలో చుట్టి చెత్తకుండీలో వదిలివేయబడ్డాడు. ఆ దారిన పోతున్న ఎల్లా లేన్ అనే నీగ్రో స్త్రీకి చెత్తలోంచి ఏడుపు వినిపించింది. పిల్లి అరుస్తున్నదేమో అనుకున్నదట. తీరా చూస్తే మగబిడ్డ. ఆమె భర్త పోయినది, సాకవలసిన పిల్లలున్నారు. అయినా ఆ పసివాణ్ణి ఎత్తుకుని ఇంటికి తెచ్చుకున్నది. తన ఇంటిపేరు ఇచ్చి పెంచింది. మన కర్ణుడికి రాధ దొరికినట్లు అతనికి ఎల్లా దొరికింది.

కన్నతల్లి మీద అతడు పగ పెంచుకోలేదు. హైస్కూలు చదువయ్యాక, నెబ్రాస్కా రాష్ట్రంలో స్కాట్స్‌బ్లఫ్ అనే ఊళ్ళో వున్న ఆమె దగ్గరకు వెళ్ళి వున్నాడు. అక్కడి చిన్న కాలేజీలో ఒక్క సంవత్సరం ఫుట్‌బాల్ ఆడాడు. అతని కాలేజీ ఆట అంతా ఆ ఒక్క ఏడే. ఆ తరువాత నాలుగేళ్ళు సైన్యంలో పనిచేశాడు.

తలుపు తట్టిన కుర్రవాడు

సైన్యం నుంచి బయటికి వచ్చాక లాస్ ఏంజెలిస్‌లో విమానాల ఫాక్టరీలో పని దొరికింది. నూనె కారే పెద్ద పెద్ద లోహపు రేకులు ఎత్తి యంత్రంలో పెట్టటం. ఒళ్ళంతా జిడ్డు. బస్సులో వెళ్తూంటే దారిలో లాస్ ఏంజెలిస్ రామ్స్ అనే జట్టువారి ఆఫీసు కనిపించేది. ఆ జట్టు 1951లో దేశానికంతటికీ విజేత. 1952లో ఒకరోజు అతడు ధైర్యం చేసి లోపలికి వెళ్ళాడు. తన ఆటను గురించి పత్రికలలో వచ్చిన ముక్కలు అంటించిన పుస్తకం చంకలో పెట్టుకుని, ‘నాకొక అవకాశం ఇవ్వండి’ అని అడిగాడు.

ఆ అడగటం ఎంత సాహసమో నేడు మనకు వెంటనే స్ఫురించదు. 1934 నుంచి 1945 దాకా ఆ లీగులో నల్లజాతి ఆటగాడు ఒక్కడు కూడా లేడు. 1946లో ఆ తలుపు తిరిగి తెరిచింది ఈ రామ్స్ జట్టే. తెరిచి అప్పటికి ఆరేళ్ళే.

శిక్షకుడు జో స్టైడహార్ అతణ్ణి పరీక్షకు పిలిచాడు. మొదట బంతి అందుకునే స్థానంలో ఆడించి చూశారు. అక్కడ టామ్ ఫియర్స్, ఎల్రాయ్ హర్ష్ వంటి ఉద్దండులున్నారు; కొత్తవాడికి చోటెక్కడిది? కాని అతని వేగం, పట్టుదల చూచి కాపుకాసే వైపు మార్చారు. ఆ మార్పుతో అతని జాతకమే మారింది.

ఆటలోని సంకేతాలు అర్థంకాక లేన్ రాత్రిపూట ఫియర్స్ గదికి వెళ్ళి చెప్పించుకునేవాడు. ఫియర్స్ గదిలో గ్రామఫోను మీద ‘నైట్ ట్రెయిన్’ అనే పాట రికార్డు ఎప్పుడూ తిరుగుతూ వుండేది. అది చూచి తోటివాడొకడు లేన్‌కు ఆ పేరే పెట్టాడు. ‘రాత్రి రైలు’ అన్నమాట! అందులో తన రంగును ఎత్తిపొడిచినట్లు తోచి మొదట అతనికి నచ్చలేదు. కాని త్వరలోనే, ‘చూచూ’ అనే ముద్దుపేరు గల చార్లీ జస్టిస్ అనే ప్రసిద్ధ ఆటగాణ్ణి అతడు మట్టి కరిపించాడు. రాత్రి రైలు చూచూ బండిని పట్టాలు తప్పించిందని పత్రికలవారు చమత్కరించారు. ఆనాటి నుంచి ఆ పేరు అతనికి ఇష్టమైంది.

ఆ మొదటి సంవత్సరమే 12 ఆటలలో 14 ఇంటర్‌సెప్షన్లు చేశాడు. తరువాత కాలంలో ఆటల సంఖ్య పెరిగి, 2021 నుంచి ఒక్కొక్క జట్టూ ఏడాదికి 17 ఆడుతున్నది. అయినా ఆ 14ను ఇంతవరకూ దాటినవాడు లేడు.

మెడ మీద పట్టు

అతడు చికాగో కార్డినల్స్‌కు ఆరేళ్ళు, డెట్రాయిట్ లయన్స్‌కు ఆరేళ్ళు ఆడాడు. అవతలివాణ్ణి కావాలనే కొంచెం వదిలేసినట్లు నటించి, ‘వాడు ఒంటరిగా వున్నాడు’ అని క్వార్టర్‌బాక్ ఆశపడి బంతి విసరగానే మీదికి ఉరికేవాడు. గురి తప్పితే తన జట్టుకే నష్టం. కాని తప్పేది తక్కువ.

మెచ్చుకోదగని సంగతి కూడా చెప్పాలి. అతడు మనుషులను పట్టటం మెడ మీద, తల మీద. దానికి ‘రాత్రి రైలు టై’ అని పేరు పెట్టారు. మెడకు చుట్టేదే గదా టై! చూసేవాళ్ళకు ఉత్సాహమే గాని, పడేవాడి మెడ ఏమవుతుంది? 1962లో ఏ ఆటగాడి ముఖపు ముసుగునూ పట్టుకోరాదని నిబంధన వచ్చింది. అది రావటానికి లేన్ ఆట ఒక కారణమంటారు. మెడ మీద పట్టు కూడా తరువాత నిషిద్ధమైంది. ఎంతటి గొప్పవాడైనా, అతని గొప్పతనంలో ఎదుటివాడి ప్రాణానికి హాని వున్న పాలును ఆట వదులుకోవలసి వచ్చింది. అది మంచిదే అయింది.

1963లో అతడు డైనా వాషింగ్టన్‌ను పెళ్ళాడాడు. ఆమె అమెరికా అంతటా పేరున్న గాయని. ఆరు నెలలైనా నిండకుండానే, డిసెంబరు 14న, నిద్రమాత్రలు మోతాదు మించి ఆమె మరణించింది. ఆమెకు 39 ఏళ్ళు. పక్కన కదలక వున్న భార్యను మొదట చూచినవాడు అతడే. ఆ తరువాత కూడా రెండేళ్ళు ఆడి 1965లో విరమించాడు.

1969లో, లీగు పుట్టిన యాభై ఏళ్ళలో ఉత్తమ కార్నర్‌బాక్ ఇతడేనని ఎంపిక చేశారు. 1974లో ఒహాయో రాష్ట్రంలోని కాంటన్‌లో వున్న కీర్తిమందిరంలో చోటు దొరికింది. ఆ తరువాత చాలా ఏళ్ళు డెట్రాయిట్‌లో పోలీసువారు పేదపిల్లల కోసం నడిపే క్రీడాసంఘాన్ని చూసుకున్నాడు. చివరకు ఆస్టిన్‌కే తిరిగి వచ్చి, 2002 జనవరి 29న అక్కడే కన్నుమూశాడు.

మనుమడికి చెప్పిన లెక్క

కథంతా విని మావాడు, “మొత్తం ఎన్నిసార్లు అందుకున్నాడు తాతయ్యా?” అన్నాడు.

“పధ్నాలుగేళ్ళలో అరవై ఎనిమిది” అన్నాను.

వేళ్ళు ముడిచి లెక్క వేసుకుని, “అంటే ఏడాదికి ఐదు కూడా లేవే!” అన్నాడు ఆశ్చర్యంగా.

“అదేరా నేను చెప్పేది. తక్కిన పరుగులన్నీ వట్టి చేతులతోనే. ఆ పరుగులు పరుగెత్తినవాడికే ఆ ఐదూ దొరికాయి.”

వాడేమీ అనలేదు. మా అమ్మాయి మాత్రం వంటింట్లోంచి, “మెడ పట్టుకునే పని మాత్రం నేర్పకండి నాన్నా!” అన్నది. “అది ఇప్పుడు తప్పమ్మా, ఆటలోంచే పంపించేసినా పంపించేస్తారు” అని వాడే జవాబు చెప్పాడు.

ఆ శుక్రవారం రాత్రి వాడి ఆట చూడటానికి వెళ్ళాను. అందరూ బంతి కేసి చూస్తున్నారు. నేను మాత్రం అంచున, వెనక్కు అడుగులు వేస్తున్న మావాడి కేసి చూస్తూ కూర్చున్నాను. ఆ రాత్రి వాడి చేతికి బంతి రాలేదు. వాడు కాపు కాసినవాడికీ రాలేదు.