కొత్త కిటికీలు - నమ్మదగిన కంపెనీ



ఈ సాయంకాలము నేను మనవి చేయబోవు విషయము చిన్నదిగా తోచవచ్చును. ఇంటి పాత కిటికీలను తీసివైచి కొత్తవి పెట్టించునపుడు ఎట్టి కంపెనీని నమ్మవలెననునదియే ఆ విషయము. కాని అందులకు వెచ్చించు సొమ్ము మిరపకల్లములో ఏరి అమ్మిన కాయల సొమ్ము, పత్తిచేనిలో నడుము వంచి తీసిన దూది సొమ్ము. 2025 ఫిబ్రవరిలో మిరప ధర పడిపోయినపుడు కేంద్ర ప్రభుత్వము మార్కెట్టు జోక్య పథకము క్రింద క్వింటాలునకు 11,781 రూపాయలు నిర్ణయించినది. ఆ లెక్కను లక్షరూపాయల పని యనగా ఇంచుమించు ఎనిమిదిన్నర క్వింటాళ్ల మిరపకాయలు. అంత పంటను ఒకరి చేతిలో పోయునపుడు ఆ చేయి యెట్టిదో చూడవలదా?

పూర్వము మనకీ చింత లేదు. వడ్రంగి మన యూరివాడే. టేకైనను వేపయైనను తానే కొలత తీసి, తానే చట్రము కూర్చి, తానే గోడలో నిలిపెడివాడు. వానకాలమున రెక్క బిగిసికొన్నచో పిలిచిన మరునాడే వచ్చి చిత్రిక పట్టి పోయెడివాడు. పని చెడినచో అతడు రచ్చబండ ముందు తలయెత్తి నడువలేడు. అదియే అతడిచ్చిన హామీ. నేడు వచ్చు చట్రములు అల్యూమినియపువి, లేదా ప్లాస్టిక్కు జాతికి చెందిన యు.పి.వి.సి.వి. కొలత తీయువాడొకడు, కార్ఖానాలో కోయువాడొకడు, గోడకు బిగించువాడు వేరొకడు. తప్పు దొరలినపుడు ఒకడు మరియొకని చూపును. కావున మొదట అడుగవలసిన ప్రశ్న యిది: ఈ మూడు పనులకును వ్రాతమూలమున బాధ్యత వహించువాడెవడు?

మా యింటి అనుభవమును చెప్పెదను. ఒక కంపెనీవారు చదరపు అడుగు ధర అందరికన్న తక్కువ చెప్పిరి. సొమ్ములో ముప్పాతిక భాగము ముందే తీసికొనిరి. కిటికీలు చూడముచ్చటగానే యుండెను. 2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్లయొద్ద తీరము దాటినపుడు, గాలివైపు కిటికీ క్రిందినుండి నీరు ధారకట్టి గదిలో నిలువయుంచిన పత్తిని తడిపినది. పరీక్షింపగా చట్రమునకును గోడకును నడుమ వ్రేలు పట్టునంత సందు కలదు. దానిపై సిమెంటు పూత మాత్రమే యున్నది. ఫోను చేయగా, "బిగించినవారు మా మనుష్యులు కారు" అని బదులు వచ్చినది. చూపుదమన్న మాయొద్ద రసీదు లేదు. తప్పు వారిదెంతయో మాదియు నంతయే.

గుంటూరు మిరప యార్డులో అనుభవముగల కొనుగోలుదారు బస్తా మూతి చూచి వెల కట్టడు. లోపలి కాయను తీయించి రంగు, తేమ, తాలు పరీక్షించును. కిటికీనికూడ అట్లే లోపల చూడవలెను. యు.పి.వి.సి. చట్రము బోలుగా నుండును; దానికి బలము లోపల దూర్చు జింకుపూత ఉక్కుపట్టీవలన వచ్చును. అది పైకి కనబడదు గనుక, కోసిన ముక్క నొకదానిని తెప్పించి చూడుడు. మామూలు అద్దము పగిలినచో కత్తులవలె చీలును. కాల్చి గట్టిపరచిన అద్దము మొనలేని చిన్న పలుకులుగా రాలును. అట్టి భద్రతా అద్దముపై ఐ.ఎస్.ఐ. గుర్తును 2553 అను ప్రమాణసంఖ్యయు ఉన్నవేమో చూడవలెను. చీరాల, బాపట్ల వైపు ఉప్పుగాలికి ఇనుప మరలును బందులును త్వరగా త్రుప్పు పట్టును. అచ్చట స్టెయిన్‌లెస్ స్టీలువి అడుగవలెను. మిరప దుమ్మును దూది నుసియు ఎగురు ఇండ్లలో దోమజాలి ఊడదీసి కడుగుటకు వీలైనదిగా నుండవలెను.

కొలతయందే కంపెనీ నిజాయితీ బయటపడును. మన నల్లరేగడి నేల వానకు ఉబ్బును, ఎండకు నెఱ్ఱెలు విచ్చును. దానితో పునాది కదలి గోడ కొంచెము ఒరుగును. కిటికీ సందు మూలలు వంకర పోవును. అందుచే వెడల్పును మూడుచోట్ల, ఎత్తును మూడుచోట్ల, మూలనుండి మూలకు రెండు కర్ణములను కొలువవలెను. గట్టిపరచిన అద్దమును పిదప కోయ వీలులేదు. కొలత తప్పిన అద్దము వ్యర్థమే. ఫోటో చూచి ధర చెప్పి బయానా అడుగువానిని మర్యాదగా సాగనంపుడు. "అయ్యా, మీ గోడ బీటలు ఇంకను పెరుగుచున్నవి; ముందు గోడను బాగుచేయించుకొనుడు, కిటికీల మాట పిమ్మట చూతము" అని చెప్పువాడు దొరకినచో అతనిని విడువకుడు. తన బేరము జారిపోవునని తెలిసియు సత్యము పలికినవాడతడు.

మూడు వానకాలములు గడచిన ఇండ్లను చూపుమని కంపెనీవారిని అడుగుడు. అచ్చటికి పోయి యజమానిని కాక ఇల్లాలిని విచారింపుడు; దినదినము రెక్కలు తీయుచు మూయుచు నుండునది ఆమెయే గదా.

ధర కాగితమున అద్దపు మందము, ఉక్కుపట్టీ, జాలి, గడియలు, పాత కిటికీల తొలగింపు, గోడ అతుకు, రవాణా, జి.ఎస్.టి. వేరువేరుగా వ్రాయించుడు. పదియేండ్ల హామీ యన్నచో అది చట్రమునకు మాత్రమేనా, అద్దమునకును బిగింపునకును కూడ వర్తించునా యని తేల్చుకొనుడు. జి.ఎస్.టి. నమోదు సంఖ్యలో 15 అక్షరములును అంకెలును ఉండును. ఆంధ్రప్రదేశమున నమోదైన దానికి మొదటి రెండంకెలు 37. అది నిజమగునో కాదో చదువుకొన్న మనుమడు ఫోనులో చూచి చెప్పగలడు. సొమ్మును విడతలుగా ఇచ్చి, కడపటి విడతను నీటి పరీక్ష ముగియువరకు చేత నుంచుకొనుడు. వెలుపలినుండి గొట్టముతో పావుగంట నీరు కొట్టించి, లోపల చుక్క దిగకున్న పిమ్మటనే ఆ సొమ్ము ముట్టజెప్పవలెను.

ఇంత జాగ్రత్తపడినను మోసము జరిగినచో దిగులు చెంద పనిలేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము 2020 జులై 20వ తేదీనుండి అమలులో నున్నది. గుంటూరునందును ఒంగోలునందును జిల్లా వినియోగదారుల కమిషనులు కలవు. నష్టము కలిగిన రెండేండ్లలోపల ఫిర్యాదు దాఖలు చేయవలెను. అయిదు లక్షల రూపాయలలోపు కొనుగోలునకు రుసుము లేదు. 1915 అను సంఖ్యకు ఫోను చేసినను సలహా లభించును. పల్లెవాని మాట ఎవరు విందురని అనుకొనకుడు. 2012లో సుప్రీంకోర్టు, చెడు విత్తనముల వలన నష్టపోయిన ఆంధ్రప్రదేశపు రైతుల వ్యాజ్యములో, విత్తనము కొన్న రైతు వినియోగదారుడేయని తీర్పు చెప్పి వారికి న్యాయము చేసినది. పత్తి విత్తనము కొన్నపుడు సంచిని, రసీదును దాచుకొను అలవాటు మనకున్నది. కిటికీ కాగితములనుకూడ ఆ పెట్టెలోనే దాచుడు.

కిటికీ గాలి వెలుతురులు లోనికి వచ్చుటకు, వానయు దొంగయు వెలుపల నిలుచుటకు. దానిని బిగించువానిని గూర్చి విచారింపక లోనికి రానిచ్చుట తగదు.