గుడ్లవల్లేటివారి పట్టిక

బెళ్ళందూరులో మా అపార్టుమెంటు తెలుగువాళ్ళం పరిచయమయ్యేది లిఫ్టులో, దగ్గరయ్యేది సాయంత్రం పూట కింద సిమెంటు బల్లల మీద. అలా ఒక సాయంత్రం మా అంతస్తులోనే ఉండే తెనాలి చెల్లెమ్మ వచ్చి పక్కన కూర్చుంది. “అన్నయ్యగారూ, మీరు లైబ్రరీలో పనిచేశారు కదా, ఒక్క సంగతి వెతికి పెడతారా?” అని అడిగింది.

వాళ్ళాయనకు ఎనిమిది నెలల కిందట పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపుతూ వ్యాయామాల బొమ్మలున్న కాగితం ఒకటి చేతిలో పెట్టారు. చెల్లెమ్మ ఆ కాగితాన్ని పూజగదిలో పంచాంగం పక్కన పెట్టుకుని, పొద్దునా సాయంత్రం తప్పకుండా అన్నీ చేయించింది. కాలు కొంత స్వాధీనానికి వచ్చింది. కర్ర పట్టుకుని బాల్కనీ దాకా నడుస్తున్నారు. చెయ్యి మాత్రం రాలేదు, వేళ్ళు ముడుచుకునే ఉన్నాయి. హైదరాబాదు నుంచి మరిది ఫోను చేసినప్పుడల్లా “సరిగ్గా చేయించలేదేమో వదినా” అంటాడట. ఆయన యథాలాపంగానే అని ఉండవచ్చు. ఆవిడకు మాత్రం రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.

“ఇంట్లోవాళ్ళు చేయిస్తే ఎంతవరకు వస్తుందో, దీనిమీద ఎవరైనా లెక్కలు తీశారా అన్నయ్యగారూ? లేకపోతే నిజంగా నాదే తప్పా?”

నేను డాక్టర్ని కాను. పుస్తకాలను, వ్యాసాలను వాటి వాటి చోట్ల పెట్టడమే నా ఉద్యోగం. అయితే ఇలాంటి ప్రశ్నకు జవాబు ఎక్కడ వెతకాలో తెలుసు. మర్నాడు కంప్యూటరు ముందు కూర్చుని పక్షవాతం, పునరావాసం, భారతదేశం అని మూడు మాటలు వేసి వెతికాను. పుటలు తిప్పేకొద్దీ జి.వి.ఎస్. మూర్తి అనే పేరు మళ్ళీ మళ్ళీ కనిపించింది. ఇంకాస్త వెతికితే గుడ్లవల్లేటి అనే పేరు కూడా అంతే తరచుగా తగిలింది. గుడివాడ పక్కనున్న గుడ్లవల్లేరు గుర్తుకొచ్చి ఆగాను. చూస్తే ఇద్దరూ ఒక్కరే. ఆయన గుడ్లవల్లేటి వెంకట సత్యనారాయణ మూర్తిగారు!

విదేశాల్లో, పరరాష్ట్రాల్లో ఉండే మన కుటుంబాలకు ఈ తంటా చెప్పక్కర్లేదు. ఇంగ్లీషు పద్ధతిలో పేరులో చివరి మాట ఇంటిపేరు. మనకు ఇంటిపేరే ముందు. పాస్‌పోర్టు దగ్గర మొదలయ్యే ఈ గొడవ ఒక పండితుడి జీవితకాలపు కృషిని కూడా రెండుగా చీల్చగలదు. కొన్ని వ్యాసాలు మకారం కింద, కొన్ని గకారం కింద పడ్డాయి. ఒక్క పేరుతో వెతికినవాడికి సగం మనిషే దొరుకుతాడు. గ్రంథాలయశాస్త్రానికి పెద్దదిక్కయిన రంగనాథన్‌గారు 1962లో ఈ బెంగుళూరులోనే డి.ఆర్.టి.సి. నెలకొల్పారు. ఇక్కడ చదువుకున్న లైబ్రేరియన్లకు కూడా తెలుగు పేర్లంటే ఇప్పటికీ కాస్త బెదురే.

మూర్తిగారు ఢిల్లీ ఎయిమ్స్‌లో నేత్రవైద్య విభాగంలో ప్రజల కంటిచూపు మీద పనిచేశారు. తర్వాత లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్‌లో ఆచార్యులయ్యారు. హైదరాబాదులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్‌కు చాలా ఏళ్ళు డైరెక్టరుగా ఉన్నారు. వికలాంగుల అభివృద్ధి గురించి పరిశోధించే దక్షిణాసియా కేంద్రం కూడా ఆ సంస్థలోనే ఏర్పడింది.

పట్టికలో తొలి భాగమంతా కళ్ళే. 2001-02లో దేశంలోని 15 జిల్లాల్లో యాభై దాటిన 63,337 మందిని పరీక్షించిన సర్వే ఒకటి ఉంది. నూటికి 8.5 మంది అంధత్వంతో ఉన్నారని అందులో తేలింది. పోనుపోను చూపు నుంచి చెవికి, చేతికి, కాలికి పట్టిక విస్తరిస్తుంది. 2014లో అచ్చయిన ఒక అధ్యయనానికి ఆంధ్రప్రదేశ్‌లో ఒక జిల్లాను, మన కర్ణాటకలో ఒక జిల్లాను తీసుకున్నారు. 839 మంది వికలాంగులను, వారి ఈడువారే అయి వైకల్యం లేనివారితో పోల్చి చూశారు. మధుమేహం, మనోవ్యాకులత రెండూ వికలాంగుల్లోనే ఎక్కువగా కనిపించాయి. అంటే చెయ్యి పడిపోయిన మనిషికి చెయ్యి ఒక్కటే చూస్తే చాలదన్నమాట.

ఈ పట్టికలో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టినవి సమీక్షలు. పుస్తక సమీక్షల్లాంటివి కావవి. ఒక ప్రశ్న తీసుకుని, దానిమీద ఇప్పటిదాకా ఎవరెవరు ఏమేమి రాశారో అంతా కళ్ళంలోకి తెచ్చి తూర్పారబట్టడం. ఏ గింజను ఉంచాలి, ఏ పొట్టును వదలాలి అన్న నియమాలు ముందే రాసుకోవాలి. నచ్చిన ఫలితాన్ని ఏరుకోవడానికి వీల్లేదు. బ్రిటిష్ వైద్యుడు ఆర్చీ కోక్రేన్ 1972లో రాసిన చిన్న పుస్తకం ఈ ఆలోచనకు ఊపిరి పోసింది. ఆయన పేరుమీద 1993లో ఒక సంస్థ, సాంఘిక విషయాల కోసం 2000లో కాంప్‌బెల్ అనే మరో సంస్థ ఈ పని మొదలుపెట్టాయి.

తూర్పారబడితే ఎంత మిగులుతుందో చూడండి. మనదేశంలో పక్షవాతం ఎందరికి వస్తోందన్న ప్రశ్నమీద కమలకణ్ణన్‌గారు, గుడ్లవల్లేటివారు, మరికొందరు కలిసి 2017లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రిసెర్చ్‌లో ఒక సమీక్ష ప్రచురించారు. 3,079 శీర్షికలు వడపోస్తే చివరికి నిలిచిన అధ్యయనాలు 10. ఏటా లక్షమందిలో 105 నుంచి 152 మందికి కొత్తగా వస్తోందని తేల్చారు. ఇక పక్షవాతం వచ్చి జీవిస్తున్నవాళ్ళ లెక్క ఒకచోట లక్షకు 44, ఇంకోచోట 559. ఇంత తేడా ఉందంటే జబ్బు సంగతి ఎలా ఉన్నా లెక్క తీయడం మనకింకా కుదరలేదని నాకనిపించింది.

ఊళ్ళోనే, ఇంటివాళ్ళూ ఇరుగుపొరుగూ కలిసి వికలాంగులకు తోడ్పడే పునరావాసం గురించి 2015లో కాంప్‌బెల్ సంస్థకు రాసిన సమీక్షలో కూడా మూర్తిగారి పేరుంది. అల్పాదాయ, మధ్యాదాయ దేశాలన్నీ గాలిస్తే పనికొచ్చిన అధ్యయనాలు 15 మాత్రమే. ఫలితాలు చాలావరకు అనుకూలంగానే ఉన్నా, గట్టిగా చెప్పడానికి ఆధారాలు చాలవని రాశారు.

ఆధారాలు చాలకపోతే కొత్తగా సంపాదించాలి కదా! అలా జరిగిన వాటిలో ఒకటి అటెండ్ అనే పరిశోధన. దాని బృందంలోనూ మూర్తిగారున్నారు. చెల్లెమ్మ అడిగిన ప్రశ్నే అక్షరాలా వాళ్ళ ప్రశ్న. మనదేశంలోని 14 ఆసుపత్రుల్లో 2014 నుంచి 2016 దాకా 1,250 మంది పక్షవాత రోగులను తీసుకున్నారు. చీటీలు వేసినట్టు వాళ్ళను రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు మామూలుగా జరిగే వైద్యం. రెండో జట్టుకు దానితోపాటు ఇంట్లో ఒకరికి వ్యాయామాలు, పనులు చేయించే పద్ధతి ఆసుపత్రిలోనే నేర్పి, రెండు నెలల వరకు ఇంటికి వెళ్ళి చూశారు. ఆరు నెలల తర్వాత చనిపోయినవాళ్ళు, ఇంకొకరి మీద ఆధారపడి ఉన్నవాళ్ళు ఎందరని లెక్కించారు. నేర్పిన జట్టులో 607 మందిలో 285. నేర్పని జట్టులో 605 మందిలో 287. ఇటు నూటికి 47, అటు నూటికి 47.

అంత శ్రమపడి, అంతమంది పేరున్న వైద్యులు కలిసి చేసిన ప్రయత్నం ఫలించలేదని 2017లో లాన్సెట్ పత్రికలో దాచకుండా అచ్చువేశారు. ఖర్చులేని ఉపాయం దొరికితే బాగుండునని ఆశపడ్డవాళ్ళే కుదరలేదని చెప్పారు. ఆయన పట్టికలో నేను అన్నిటికంటే గౌరవించే వ్యాసం ఇదే.

దీన్నిబట్టి వ్యాయామం దండగ అనుకోకండి. ఆ రెండు జట్లకూ ఆసుపత్రి వైద్యం అందింది. ఇంటివాళ్ళకు అదనంగా నేర్పినందువల్ల అదనపు గుణం కనిపించలేదు, అంతవరకే. శిక్షణ పొందిన నిపుణులు పక్షవాతం వచ్చిన ఏడాదిలోపు ఇంటి దగ్గర చేయించే చికిత్స సంగతి వేరు. 14 పరిశోధనలు, 1,617 మంది రోగులను కలిపి చూసిన సమీక్ష 2004లో లాన్సెట్‌లో వచ్చింది. నూరుమందికి అలా చేయిస్తే సుమారు ఏడుగురు దిగజారకుండా నిలిచారని అందులో ఉంది. ఏడు చిన్న సంఖ్యే. అందులో మనవాళ్ళు ఒకరైతే చిన్నది కాదు.

ఇవన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకుని మూడోనాడు సాయంత్రం బల్ల దగ్గరికి వెళ్ళాను. చెప్పడానికి కాస్త జంకాను కూడా. ఎనిమిది నెలలు ఒళ్ళు దాచుకోకుండా చేసిన మనిషికి ఇలాంటి లెక్క చూపించడమేమిటని. చెల్లెమ్మ మధ్యలో ఎక్కడా అడ్డురాకుండా వింది.

“అయితే అన్నయ్యగారూ, వాళ్ళకు దగ్గరుండి నేర్పారు. నాకు కాగితమొక్కటే ఇచ్చారు. అలా నేర్పించుకున్నవాళ్ళకే తేడా రాలేదా?”

“రాలేదమ్మా.”

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుని, “నేను సరిగ్గా చేయించకపోవడం కాదన్నమాట” అంది. నాతో అన్నట్టు లేదు. తనతో తనే అనుకున్నట్టుంది.

ఫిజియోథెరపీ అమ్మాయిని ఇంటికి పిలిపించాలా అని అడిగితే, ఏడాది నిండలేదు గనుక డాక్టరుగారినడిగి పిలిపించమన్నాను. ఆయన సరేనన్నారట. వారానికి మూడు రోజులు వస్తోంది. ఖర్చు కొడుకు పెట్టుకుంటున్నాడు. వేళ్ళు ఇంకా తెరుచుకోలేదు. ఎడమచేత్తో కాఫీ గ్లాసు పట్టుకోవడం, చొక్కా తొడుక్కోవడం మాత్రం ఆ అమ్మాయి నేర్పింది.

ఆ రోజు లేచి వెళ్ళబోతూ చెల్లెమ్మ నా నోటుపుస్తకం వైపు చూపించి, “ఆ రెండు నలభైయేళ్ళూ కాస్త పెద్దక్షరాల్లో రాసివ్వండి అన్నయ్యగారూ. ఆదివారం మా మరిది ఫోను చేస్తాడు” అంది.