పరిశోధన విరాళములు – శ్రమాంశ ధ్రువీకరణము

ఒక కార్యమునకై పరుల ధనము గ్రహించినవాడు రెండు లెక్కలు చెప్పవలసియుండును. ధనమెట్లు వ్యయమైనదన్నది మొదటిది. తానెంత పాటుపడెనన్నది రెండవది. మొదటి లెక్కకు మన విద్యాలయములలో పద్ధతి స్థిరపడినది. విశాఖపట్టణమందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు కేంద్రప్రభుత్వ శాఖ యొకటి పరిశోధన నిమిత్తము ద్రవ్యమిచ్చిన యెడల, ఆర్థిక సంవత్సరము ముగిసిన పండ్రెండు నెలలలోపల వినియోగ ధ్రువపత్రము పంపవలెను. 2017 నాటి సాధారణ ఆర్థిక నియమములలో 238వ నియమము దీనిని విధించి, 12-ఎ అను పత్రమును నిర్ణయించినది. వచ్చిన సొమ్ము, వ్యయమైన సొమ్ము, మిగిలిన సొమ్ము అందు చూపబడును. జీతముల పద్దు వేరుగను, స్థిరవస్తువుల పద్దు వేరుగను ఉండును. సంస్థాధిపతియు ఆర్థికాధికారియు వ్రాలు చేసి, మంజూరైన కార్యమునకే ధనము వినియోగపడినదని దృఢపరతురు.

రెండవ లెక్క ఈ పత్రములో దొరకదు. పరిశోధన సహాయకునికి పండ్రెండు నెలల జీతము ముట్టినదని పత్రము చెప్పును. ఆ పండ్రెండు నెలలలో నతడు ఆ కార్యమునకై శ్రమించిన దెన్ని నెలలో చెప్పదు. అమెరికా విశ్వవిద్యాలయములలో ఈ రెండవ లెక్కను ‘ఎఫర్ట్ సర్టిఫికేషన్’ అని వ్యవహరింతురు. తెలుగున దీనికి స్థిరమైన పేరు లేదు. ‘ప్రయత్నము’ అన్నచో ఫలము సందేహాస్పదమైన పూనిక స్ఫురించును. ‘హాజరు’ అన్నచో దేహము వచ్చినదని తెలియునే కాని బుద్ధి యెక్కడ నున్నదో తెలియదు. ఒక మనుష్యుని మొత్తము వృత్తిశ్రమలో ఒకానొక కార్యమునకు చెందిన భాగమని దీని యర్థము కావున ‘శ్రమాంశము’ అనుట పొసగును.

పూర్వము మన సంస్థానములలో పండితులకు వార్షికములుండెడివి. వార్షికము విద్యకు జరిగిన గౌరవమే కాని ఒక నియతకార్యమునకు వేతనము కాదు. దానిని గ్రహించిన పండితుడు ఆ యేడు శిష్యులకు శేఖరము పాఠము చెప్పెనా, ప్రబంధము రచించెనా, యాత్రలకు పోయెనా యను విచారణకు తావులేదు. ఇచ్చువాడు పండితుని నెరుగును. పండితుడు ఇచ్చువాని నెరుగును. అట్టిచోట శ్రమాంశమును గూర్చిన ప్రశ్నయే పుట్టదు.

నియతకార్యమునకు ద్రవ్యమిచ్చుట వేరు. దీనికి విశాఖ మండలముతో సంబంధించిన గొప్ప దృష్టాంతమొకటి కలదు. సాయణభాష్యముతో ఋగ్వేదమును ముద్రించుటకు 1847లో ఈస్టిండియా కంపెనీవారు మాక్సుమూలరునకు సాయము చేయ నంగీకరించిరి. ఏటికి ఏబది ఫారములు అచ్చునకు సిద్ధపరుపవలయునన్నది ఏర్పాటు. అందులకు మాక్సుమూలరు కోరిన భృతి ఏటికి రెండువందల పౌనులు, అనగా ఫారమునకు నాలుగు పౌనులు. ప్రథమ ముద్రణము 1849లో మొదలై 1874లో ముగిసినది. 1890–1892 సంవత్సరములలో వెలువడిన ద్వితీయ ముద్రణమునకు ద్రవ్యమిచ్చి నడిపించిన ప్రభువు విజయనగరాధీశుడగు ఆనందగజపతి మహారాజు. విజయనగరము 1979 వరకు ప్రత్యేక మండలము కాదు. ఆ కాలమున నది విశాఖపట్టణ మండలములోనిదే.

ఫారముల లెక్క ఫలమును కొలుచును, శ్రమను కొలువదు. వ్రాతప్రతులు పరస్పరము విరోధించిన చోట భాష్యమందలి ఒక్క పంక్తికే దినమంతయు పట్టవచ్చును. పాఠము నిర్వివాదమైన చోట పని నీటివాలున పడవవలె సాగును. పరిష్కర్త యొక్కడే యైనపుడు ఈ హెచ్చుతగ్గులు ఏడాదిమీద సరిపడును. ఇరువురైనపుడు చిక్కు వచ్చును. ద్వితీయ ముద్రణమునకు 1888 నుండి వింటర్నిట్జు పండితుడు తోడ్పడెను. పూర్తియైన ఫారములను ఎన్ని మారులు లెక్కించినను అందు గురువు పాలెంత, సహాయుని పాలెంత యన్నది తేలదు.

1926లో బెజవాడయందు వెలసి 1930లో వాల్తేరునకు తరలివచ్చిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తును జయపురాధీశుడగు విక్రమదేవవర్మ ఏటేట లక్ష రూపాయల విరాళముతో పోషించెను. ఆ ధనము ఒక విద్యాసంస్థ నిలుచుటకు. అందలి యొక్కొక్క ఆచార్యుని శ్రమను పాళ్లుగా విడదీయ నక్కరలేకపోయినది. ఒక మనుష్యుని పనికి పలు బొక్కసములు ధనమిచ్చునపుడే ఆ యక్కర కలుగును. 1952లో అమెరికానుండి యూజీన్ లఫాండ్ ఫుల్‌బ్రైట్ ఆచార్యుడుగా వాల్తేరునకు వచ్చి, భూగర్భశాస్త్రాచార్యులగు సి. మహాదేవన్ మున్నగువారితో కలిసి బంగాళాఖాత పరిశీలనమునకు పూనుకొనెను. లఫాండ్ 1964లో వర్ణించిన సముద్రగర్భపు లోయలలో నొకటి మహాదేవన్ పేరును, మరియొకటి ఆంధ్ర నామమును వహించినవి. ఆ పరిశీలనములకు ఓడ నౌకాదళము వారిది; అతిథి ఆచార్యుని భృతి ఫుల్‌బ్రైట్ నిధిది; స్థానికాధ్యాపకుని జీతము విశ్వవిద్యాలయముది. ఒకే యోడమీద ఒకే దినమున మూడు ధనములు కలిసి పనిచేసినవి. అట్టి దినమును మూడు లెక్కలలో నెట్లు వ్రాయవలయునన్నదే ఈ శాస్త్రమునకు బీజము.

ఇదే పట్టణమున 1933లో తెరువబడిన ఓడరేవును, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారమును ఇక్కడ పోల్చిచూచుట మేలు. అచ్చట కార్మికునికి మస్టరు కలదు, షిఫ్టు కలదు. బ్లాస్టు ఫర్నేసు కడ నున్నవాడు అదే సమయమున రోలింగు మిల్లులో నుండజాలడు. కావున కాలమును కొలిచినచో శ్రమను కొలిచినట్లే యగును. అధ్యాపకుని స్థితి యట్టిది కాదు. ఉదయము తరగతిలో విద్యార్థి యడిగిన ప్రశ్న సాయంకాలము పరిశోధన వ్యాసమునకు పాదు వేయును. ఒకే గ్రంథమును పాఠమునకును పరిశోధనకును చదువును. శాసనపు నకలు ముందుంచుకొని శిష్యునికి లిపి నేర్పునపుడు ఆ గంట బోధనదా, పరిశోధనదా? గంటల మస్టరు ఇచ్చట సత్యమును చెప్పజాలదు, చెప్పినట్లు నటించును. అందుచేతనే శ్రమాంశమును గంటలలో గాక నూటికిన్ని పాళ్లని వ్రాయుట ఆచారమైనది.

ఆ నూరు దేనికి నూరు? ఈ విషయమున పెద్దలు సైతము పొరబడుచుందురు. విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘమువారి 2018 నాటి నిబంధనలలో అధ్యాపకుని కార్యభారము వారమునకు 40 గంటలకు తక్కువ కారాదనియు, అట్టి వారములు ఏటికి 30 అనియు ఉన్నది. అందు ప్రత్యక్షబోధన సహాయాచార్యునికి 16 గంటలు, పైరెండు తరగతుల ఆచార్యులకు 14 గంటలు. 40లో 16 అనగా నూటికి 40 పాళ్లు. 14 అనగా 35 పాళ్లు. ఒక సహాయాచార్యుడు వారమునకు పది గంటలు విరాళకార్యము చేసెననుకొందము. నలుబదింట పది కావున తన శ్రమాంశము 25 అని యతడు వ్రాయును. కాని యతడు పత్రములు దిద్దుచు, సభలకు పోవుచు, రాత్రులు చదువుచు వారమునకు ఏబది గంటలు పనిచేసియుండిన, ఆ పది గంటలు నూటికి 20 పాళ్లే. నూరనగా నియమములోని నలుబది గంటలు కాదు. ఆ మనుష్యుడు నిజముగా చేసిన వృత్తిశ్రమ యంతయు నూరు. ఎక్కువ గంటలు పనిచేయువాడు నూటయిరువది పాళ్ల మనుష్యుడు కాడు. ఎవ్వడైనను నూటికి నూరే.

దీనినిబట్టి మరియొక సంగతి తేటపడును. బోధనకు 40 పాళ్లు పోవలసినవాడు మూడు విరాళములకు వేర్వేరుగా ముప్పదేసి పాళ్లు వాగ్దానము చేసినచో మొత్తము 130 అగును. ఏ విరాళదాతకు ఆ దాత పత్రము సరిగనే కనబడును. మూడింటిని పక్కపక్కన పెట్టినపుడే అసత్యము బయటపడును. కావున శ్రమాంశ పత్రమున ఒక విరాళమునకు చెందిన పాలు మాత్రము వ్రాయుట చాలదు. బోధన, పాలన, ఇతర విరాళములు అన్నియు ఒకే కాగితముమీద నుండి, కూడిన మొత్తము నూరు కావలెను. ఈ శాస్త్రమునకు ప్రాణము ఈ యొక్క నియమమే. తక్కినవన్నియు దానికి అంగములు.

అమెరికా ప్రభుత్వము విశ్వవిద్యాలయముల వ్యయనిర్ణయమునకై 1958లో ఎ-21 అను ఉత్తరువును వెలువరించినది. అది పలుమారులు మారి, 2014 డిసెంబరులో అమలునకు వచ్చిన ఏకీకృత నియమావళిలో లీనమైనది. బోధన, పరిశోధన, పాలన ఒకదానిలో నొకటి అల్లుకొని యుండుననియు, సూక్ష్మమైన కొలత ఎల్లపుడు సాధ్యము కాదనియు ఆ నియమావళియే యొప్పుకొన్నది. ఇట్టి యొప్పుకోలు రాజశాసనములలో నరుదు. ఐనను ఒక విషయమున నది పట్టు విడువలేదు: కార్యారంభమున వేసిన అంచనా మాత్రమే ప్రమాణము కాజాలదు, పని జరిగిన పిమ్మట వాస్తవముతో సరిచూడవలెను. ఐరోపా సమాజపు పరిశోధన నిధులలో వేరు మార్గము కలదు. అచ్చట ఏడాదికి 215 పనిదినములుగా నెంచి, పనిచేసినవాడు ఏయే కార్యమునకు ఎన్ని దినములు వినియోగించెనో నెలనెల వ్రాసి, తానును తనపై యధికారియు వ్రాలు చేయుదురు.

తప్పుడు శ్రమాంశమునకు మూల్యము లేకపోలేదు. అమెరికాలోని నార్త్‌వెస్టరన్ విశ్వవిద్యాలయము 2003లో ఇట్టి యారోపణను పరిష్కరించుకొనుటకు 55 లక్షల డాలర్లు చెల్లించెను. యేల్ విశ్వవిద్యాలయము 2008లో 76 లక్షల డాలర్లు చెల్లించిన వ్యవహారమందలి యారోపణలలో నొకటి, కొందరు పరిశోధకులు వేసవినెలలలో తమ శ్రమ నూటికి నూరుపాళ్లు విరాళకార్యమునకే చెందినదని వ్రాసియిచ్చి, వాస్తవమున ఇతర కార్యములను గూడ చేసిరని. ఇందు దొంగిలింపబడిన వస్తువేదియు లేదు. రసీదులు తప్పు కావు. తప్పిన దొక్క అంకె.

ఆ యంకె క్రింద వ్రాలు చేయుట కెవ్వనికి అధికారము? మన తార్కికులు ప్రత్యక్ష, అనుమాన, ఉపమాన, శబ్దములని ప్రమాణములను విభజించిరి. శ్రమాంశ విషయమున పనిచేసినవాని యెరుక ప్రత్యక్షమువంటిది. ప్రక్కగదిలో నుండి నెలనెలకు ఫలమును చూచుచున్న శాఖాధిపతి యెరుక అనుమానము. పొగనుబట్టి నిప్పును గ్రహించినట్లు చిత్తుప్రతులనుబట్టి శ్రమను గ్రహించును. లెక్కల కచేరి యుద్యోగికి లభించునది శబ్దము. ఆతడు వినినదానిని వ్రాయును, శబ్దమునకు ప్రామాణ్యము వక్త ఆప్తుడైనపుడే. కావున మొదటివాని వ్రాలు ముఖ్యము, రెండవవానిది సహాయము. మూడవవాడు కూడికలు సరిచూడవచ్చును గాని సాక్ష్యము చెప్పరాదు. సంవత్సరాంతమున గుమాస్తా అంచనా పత్రములోని అంకెలనే దింపి వ్రాసి అందరిచేత సంతకములు చేయించుట ఎంత సులభమో అంత నిష్ప్రయోజనము. అచ్చట మూడు ప్రమాణములలో నొకటియు లేదు.

మనదేశమున ప్రభుత్వ విరాళములు స్థిరోద్యోగియైన ప్రధాన పరిశోధకునికి సాధారణముగా జీతమీయవు; సహాయకుల భృతి, పరికరములు, ప్రయాణములు, సంస్థకు కొంత పైఖర్చు మాత్రము భరించును. కావున ఆచార్యుని శ్రమాంశమును అడిగిన వారు లేరు. దీనివలన ఆచార్యుడు విరాళకార్యమునకు ఇచ్చు శ్రమ రాష్ట్ర ఖజానా చేయు గుప్తదానమగుచున్నది. ఎంత దానమో దాతకే తెలియదు. సహాయకుని సంగతి యింతకంటె గడ్డు. అతని భృతి యంతయు ఒక విరాళమునుండి వచ్చును. కావున కాగితముమీద నతని శ్రమాంశము ఎల్లపుడు నూరు. అతనిచే ఖాళీయైన తరగతులకు పాఠములు చెప్పించి, పరీక్షశాలలో కాపలా యుంచి, శాఖా నివేదికలు వ్రాయించినను ఆ నూరు నూరుగనే యుండును. రెండేండ్ల పిమ్మట పని పూర్తికాలేదని యడిగినపుడు నింద యతనిమీదనే పడును. ఎక్కడ పోయినదో చెప్పుటకు చేత కాగితము లేదు. శ్రమాంశ పత్రము అధికారికి కట్టిన గుదిబండయని యెంచువారు, అది యువపరిశోధకునికి గొడుగు కూడ నగునని గ్రహింపవలసియున్నది.

భాషాపరిశోధకులకు ఇది దూరపు మాట కాదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1978 నుండి లకంసాని చక్రధరరావుగారి ప్రధాన సంపాదకత్వమున ప్రకటించిన తెలుగు వ్యుత్పత్తి కోశమువంటి కార్యమును తలచిన చాలును. నిఘంటుశాలలో పనిని చీటీలతో లెక్కించుట సహజముగా తోచును. కాని అర్థము స్పష్టమైన తత్సమపదములకు ఒక పూటలో నలువది చీటీలు వ్రాయవచ్చును. దేశ్యపదమొకటి కన్నడ తమిళ గోండీ రూపములతో పోల్చి ధాతువును నిర్ణయింపవలసివచ్చినచో ఒక్క చీటీకి వారము చాలదు. చీటీలనుబట్టి భృతి నిర్ణయించిన యెడల కష్టపదములు చివరకు మిగులును. గంటలనుబట్టి నిర్ణయించిన యెడల కుర్చీలు నిండుగ నుండును. ఆరునెలల కొకమారు ఒక్కొక్క సంకలనకర్త తన మొత్తము శ్రమను పదసేకరణము, రూపవిచారము, ముద్రణశోధనము, బోధన, ఇతరములు అని పాళ్లుగా విభజించి నూరు కూర్చిన పత్రము వ్రాసి, సంపాదకుడు దానిని చీటీల పెట్టెతో సరిచూచి ప్రతిసంతకము చేసినచో, ఆ రెండు దోషములును తగ్గును. పిదప తప్పు కనబడినచో పాత యంకెను చెరిపివేయరాదు. చదువ వీలగునట్లు గీటు కొట్టి, క్రొత్త యంకెను ప్రక్కన వ్రాసి, కారణమును తేదీని చేర్చి మరల వ్రాలు చేయవలెను. తాళపత్రములలో లేఖకుడు తప్పిన యక్షరముపై గుర్తుంచి, సవరణను పంక్తుల నడుమ వ్రాయుట పరిష్కర్తలకు సుపరిచితమే.