ఆన్‌లైన్ షూటింగ్ ఆటలలో కొనుగోలు మ్యాపులు: ఉద్దుల కూర్పు - ప్రత్యామ్నాయాలు

వ్యాససంగ్రహం

ఆన్‌లైన్ షూటింగ్ ఆటలలో మూల ఆటతోపాటు వచ్చే మ్యాపులు కాక, అదనపు మ్యాపులను విడిగా వెలకు అమ్మే పద్ధతి 2005 మొదలు దశాబ్దానికి పైగా బలంగా సాగింది. మ్యాపు కొన్నవారు, కొననివారు ఒకే ఆటలో ఎలా కలవాలన్న ప్రశ్నకు తయారీ సంస్థలు వేర్వేరు సమాధానాలు ఇచ్చాయి. ఆ విధానాలను తెలుగు పిల్లల ఆటలలోని 'ఉద్దులు' పద్ధతి ఆధారంగా వివరించడం, చిన్న పట్టణాల ఆటగాళ్లకు అవి ఎంతవరకు ఉపకరిస్తాయో మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాలను ఉదాహరణగా తీసుకొని పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: ఆన్‌లైన్ ఆటలు, మ్యాచ్‌మేకింగ్, ఉద్దులు, అదనపు మ్యాపులు, సీజన్ పాస్, వినియోగదారు హక్కులు.

1. ఉపోద్ఘాతం

చెడుగుడు వంటి జట్టు ఆటలకు ముందు తెలుగు పిల్లలు ఉద్దులు కట్టుకోవడం ఉంది. ఇద్దరు నాయకులు నిలబడతారు. మిగిలినవారు వయసులో, బలంలో సరిసమానులైన ఇద్దరిద్దరుగా జతకడతారు. ప్రతి జత పక్కకు వెళ్లి చెరొక మారుపేరు పెట్టుకొని వస్తుంది. నాయకుడు ఏ పేరు కోరితే ఆ పేరుగలవాడు అతని జట్టులోకి, రెండవవాడు ఎదుటి జట్టులోకి వెళతారు. 'ఉద్ది' అంటే జత, సాటి అని అర్థం. రెండు జట్ల బలం సమానంగా ఉండేలా చూడటమే ఈ పద్ధతి లక్ష్యం.

ఆన్‌లైన్ ఆటలలో 'మ్యాచ్‌మేకింగ్' అనే ప్రక్రియ చేసేది ఈ పనినే. ఇక్కడ నాయకుల స్థానంలో సర్వర్ ఉంటుంది. ఈ మాటను పెళ్లి సంబంధాలు కుదర్చడమనే అర్థంలో అనువదించడం కంటే 'ఉద్దుల కూర్పు' అనడం తెలుగులో సహజంగా ఉంటుంది. 'మ్యాపు' విషయంలోనూ ఇటువంటి చిక్కే ఉంది. ఆటగాళ్ల వాడుకలో అది దారి చూపే పటం కాదు. పోరు జరిగే స్థలం, అంటే బరి. వాడుకలో స్థిరపడినందున ఈ వ్యాసంలో 'మ్యాపు' అనే మాటనే గ్రహించడమైనది.

2. ఉద్దుల కూర్పు జరిగే తీరు

ఆటగాడు 'ఆడు' అనే మీట నొక్కగానే అతడు ఒక వరుసలో చేరతాడు. ఆ వరుసలోని వారిని సర్వర్ ప్రధానంగా మూడు ప్రమాణాలతో చూస్తుంది. మొదటిది నైపుణ్యం. రెండవది దూరం; సర్వర్ దూరమయ్యేకొద్దీ సంకేతం ఆలస్యంగా చేరుతుంది, గురి తప్పుతుంది. మూడవది ఆట రకం. కొన్ని ఆటలలో భాష కూడా ఒక ప్రమాణమే. తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపించే కుప్పం వంటి సరిహద్దు పట్టణంలో ఇది చిన్న విషయం కాదు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పాత చిత్తూరు జిల్లా పడమటి భాగంలో ఉన్నాయి. కౌంటర్-స్ట్రైక్ ఆటకు భారతదేశంలో చెన్నై, ముంబయిలలో సర్వర్లు ఉండటంతో ఈ ప్రాంతంవారికి చెన్నై దగ్గర పడుతుంది. అయితే దగ్గరి సర్వర్ ఉన్నంత మాత్రాన సరిపోదు. అదే సమయంలో, అదే ఆటకు, అదే స్థాయిలో మరికొందరు వరుసలో ఉండాలి. మదనపల్లె టమాటా మార్కెట్‌కు సరుకు ఎంత వచ్చినా వ్యాపారులు రాకపోతే వేలం సాగదు. ఉద్దుల కూర్పు కూడా అటువంటిదే. దాని బలం జనంలో ఉంది.

3. కొనుగోలు మ్యాపు తెచ్చే చీలిక

ఒక మ్యాపులో ఆడాలంటే ఆ మ్యాపు ఆటలో ఉన్న అందరి దగ్గరా ఉండాలి. దానిని వెలకు అమ్మినప్పుడు వరుసలోని జనం రెండుగా చీలుతారు. ఒక ఆటకు నాలుగు మ్యాపు ప్యాకులు విడుదలయ్యాయనుకుంటే, ఒక్కొక్కదానిని కొనడం, కొనకపోవడం అనే రెండు అవకాశాల వల్ల ఆటగాళ్లలో 16 రకాలవారు ఏర్పడతారు.

వారందరినీ ఒకే వరుసలో కలిపితే చీలిక పోతుంది కదా అనిపించవచ్చు. ఆరుగురేసి ఆడే ఆటకు 12 మంది కావాలి. ఒక ప్యాకును సరిగ్గా సగం మంది కొన్నారనుకున్నా, ఎంపిక లేకుండా 12 మందిని చేర్చినప్పుడు అందరూ కొన్నవారే కావడానికి ఉన్న అవకాశం 4,096లో ఒకటి. డబ్బు చెల్లించినవాడికి ఆ మ్యాపు దాదాపు కనిపించదన్నమాట.

కొన్నవారిని విడదీస్తే వారి వరుస సగమవుతుంది. మిగతా ప్రమాణాలు మారకుంటే నిరీక్షణ రెట్టింపవుతుంది. నిరీక్షణ పెరిగితే కొందరు వరుస విడిచిపోతారు, దానితో నిరీక్షణ ఇంకా పెరుగుతుంది. కొనుగోలు మ్యాపులలోని మౌలిక సమస్య ఇదే. కొన్నవాడి వస్తువుకు విలువ ఇచ్చేది ఇతరులు. వారు రాకపోతే అతడి దగ్గర బరి ఉంటుంది గాని ఆట ఉండదు.

4. ప్రధాన విధానాలు

4.1 ప్రత్యేక వరుస: కొన్నవారికి మాత్రమే ప్రవేశమున్న ప్లేలిస్టు. 2007 డిసెంబరులో హేలో 3 ఆటకు 'హీరోయిక్ మ్యాప్ ప్యాక్' వెలువడిన తరువాత కొన్ని ప్లేలిస్టులకు అదనపు మ్యాపులు తప్పనిసరి అయ్యాయి. కొత్త మ్యాపు తప్పక దొరకడం ఇందులోని లాభం. వరుస త్వరగా పలచబడటం నష్టం. ఆ ప్యాకును 2008లో ఉచితం చేశారు. అంతకుముందు 2005లో హేలో 2 కొత్త మ్యాపులలో కొన్నిటిని తొలుత వెలకు అమ్మి, కొద్ది నెలలకే అందరికీ ఇచ్చారు. ఆలస్యంగానైనా చీలికను పూడ్చే మార్గమిది.

4.2 సర్వర్ జాబితా: బ్యాటిల్‌ఫీల్డ్ 3 (2011), బ్యాటిల్‌ఫీల్డ్ 4 (2013) ఆటలలో ఆటగాడు జాబితా చూసి సర్వర్‌ను తానే ఎంచుకోగలడు. ఏ సర్వర్‌లో ఏ మ్యాపు నడుస్తున్నదో, ఎందరు ఉన్నారో ముందే తెలుస్తుంది. అయితే ఖాళీ సర్వర్‌ను చూపగలదే తప్ప నింపగల శక్తి జాబితాకు లేదు.

4.3 ఇష్టాన్ని తెలిపే మీట: 'కొత్త మ్యాపులు మాత్రమే', 'ఏవైనా సరే' అని ఆటగాడే ఎంచుకోవడం. కౌంటర్-స్ట్రైక్‌లో ఆడదలచిన మ్యాపులను గుర్తించే ఏర్పాటు ఇటువంటిదే. ఎక్కువ మ్యాపులు గుర్తించినవారికి ఆట త్వరగా దొరుకుతుంది. నిరీక్షణకు, ఇష్టానికి మధ్య నిర్ణయం ఆటగాడి చేతిలో ఉండటం దీని విశేషం. కొంత సమయం గడిచాక ఆ ఎంపికను సడలించాలా అని ఆట అడిగితే ఇది మరింత ఉపయోగపడుతుంది.

4.4 స్నేహితుడి వెంట ప్రవేశం: 2017లో బ్యాటిల్‌ఫీల్డ్ 1 తెచ్చిన 'ప్రీమియం ఫ్రెండ్స్' ఏర్పాటులో జట్టులో ఒకరు ప్రీమియం కొంటే స్నేహితులు కూడా ఆ మ్యాపులలో ఆడవచ్చు. నియమం వర్తించని చిన్నపిల్లవాడిని కూడా చేర్చుకొనే మన 'ఆటలో అరటిపండు' సంప్రదాయానికి ఇది దగ్గరగా ఉంది.

4.5 ఆట అందరికీ, ఆతిథ్యం కొన్నవారికి: గేర్స్ ఆఫ్ వార్ 4 (2016)లో కొత్త మ్యాపులు సాధారణ ఉద్దుల కూర్పులో అందరికీ ఉచితం. వాటిలో సొంతంగా ఆట ఏర్పాటు చేసుకోవాలంటే మాత్రం కొనాలి. ఇందులో జనం చీలరు. కొన్నవాడికీ ఒక ప్రయోజనం మిగులుతుంది.

5. మూడు ఊళ్ల జట్టు

పై విధానాల తేడా ఒక ఊహా ఉదాహరణతో స్పష్టమవుతుంది. మదనపల్లెలో ఒకరు, పుంగనూరులో ఒకరు, కుప్పంలో ఒకరు రోజూ రాత్రి ఒక జట్టుగా ఆడతారనుకోవచ్చు. మదనపల్లె ఆటగాడి దగ్గర మొదటి ప్యాకు ఉంది. కుప్పం ఆటగాడు రెండవది కొన్నాడు. పుంగనూరు ఆటగాడు ఏదీ కొనలేదు. ముగ్గురి దగ్గరా ఉమ్మడిగా ఉన్నవి మూల మ్యాపులు మాత్రమే కాబట్టి జట్టుగా చేరినప్పుడు రెండు ప్యాకులూ వ్యర్థం.

ప్రత్యేక వరుస ఉంటే మదనపల్లె ఆటగాడు స్నేహితులను విడిచి ఒంటరిగా వెళ్లాలి. ఇష్టాన్ని తెలిపే మీట ఉన్నా జట్టుగా ఉన్నంతసేపు ఫలితం లేదు. స్నేహితుడి వెంట ప్రవేశం ఉంటే ముగ్గురూ రెండు ప్యాకులలోనూ ఆడగలరు. గేర్స్ పద్ధతిలో ఈ ప్రశ్నే తలెత్తదు. 2010లో కాల్ ఆఫ్ డ్యూటీ: మోడర్న్ వార్‌ఫేర్ 2 ఐదు మ్యాపుల ప్యాకు వెల 15 డాలర్లు, అంటే నాటి మారకం ప్రకారం రూ.700కు కాస్త తక్కువ. ఆ సొమ్ము పెట్టినవాడికి స్నేహితులతో ఆడే వీలు దక్కుతుందా లేదా అన్నది మ్యాపు నాణ్యతను బట్టి గాక, ఉద్దుల కూర్పు నియమాన్ని బట్టి తేలుతుంది.

6. వెల లేని మ్యాపుల వైపు

మ్యాపుల రూపకల్పన శ్రమతో కూడినది. దానికి ప్రతిఫలం ఉండాలి. 2013లో కౌంటర్-స్ట్రైక్: గ్లోబల్ అఫెన్సివ్ 'ఆపరేషన్ పేబ్యాక్' పాస్‌ను అమ్మి, ఆ రాబడిలో కొంత మ్యాపులు చేసిన ఆటగాళ్లకు ఇచ్చింది. అయితే జనాన్ని చీల్చకుండా ప్రతిఫలం రాబట్టే మార్గాలు క్రమంగా బలపడ్డాయి. టైటన్‌ఫాల్ (2014) అదనపు మ్యాపులను తొలుత అమ్మి, 2015లో ఉచితం చేసింది. టైటన్‌ఫాల్ 2 (2016) మొదటినుంచీ ఉచితంగానే ఇచ్చింది. 2019 నాటి మోడర్న్ వార్‌ఫేర్ సీజన్ పాస్‌ను విడిచి మ్యాపులను అందరికీ ఇచ్చి, వేషాలు, అలంకారాలు, బ్యాటిల్ పాస్ అమ్మింది. అలంకారం కొననివాడు కూడా కొన్నవాడికి ఉద్ది కాగలడు.

భారతీయ ఆటగాళ్లలో అధికులకు ఈ రకం ఆటలు పరిచయమైనది చరవాణిలోనే. 2018లో వచ్చిన పబ్‌జీ మొబైల్‌లో, 2021 జులైలో వచ్చిన బీజీఎంఐలో మ్యాపులకు వెల లేదు. కాని పెద్ద మ్యాపులను విడిగా డౌన్‌లోడ్ చేసుకోవాలి. డేటా, ఫోనులో ఖాళీ చోటు ఇక్కడ మారురూపంలోని వెల. తక్కువ నిల్వ ఉన్న ఫోనుతో ఆడేవాడు ఉచిత మ్యాపుకు కూడా దూరమవుతాడు. అందుచేత చీలిక పూర్తిగా తొలగిపోలేదు, తగ్గింది.

7. ముగింపు

కొనుగోలు మ్యాపుల విషయంలో అమ్ముడయ్యేది స్థలం ఒక్కటే కాదు. ఆ స్థలంలో సాటివారు దొరుకుతారన్న నమ్మకం కూడా. పెద్ద జనం ఉన్నచోట ప్రత్యేక వరుస కొంతకాలం నిలుస్తుంది. జనం పలచగా ఉన్న ప్రాంతాలలో, వేళలలో స్నేహితుడి వెంట ప్రవేశం, అందరికీ ఆట అనే విధానాలే కొన్నవాడి సొమ్ముకు న్యాయం చేస్తాయి.

నాణ్యత, ప్రమాణం, వెల గురించి తెలుసుకునే హక్కును వినియోగదారుల రక్షణ చట్టం 2019 గుర్తించింది. ఆ స్ఫూర్తితో చూస్తే అదనపు మ్యాపు అమ్మే చోట మూడు విషయాలు స్పష్టంగా ఉండాలి: కొన్నవారికి వేరే వరుస ఉందా, కొనని స్నేహితులతో ఆడవచ్చా, తమ ప్రాంతంలో ఆ వరుసకు నిరీక్షణ ఎంత. ఉద్దులు కట్టే పిల్లలు ఆట మొదలుకాక ముందే ఎవరు ఎవరికి సాటి అన్నది చూసుకుంటారు. వెల చెల్లించే ఆటగాడికి కూడా ఆ సంగతి ముందే తెలియడం న్యాయం.