ఫారం మా చెల్లె పుట్టినరోజు ఎందుకు మార్చింది?

పోయిన సంవత్సరం ఎల్.బి.నగర్‌లో ఒక నెట్ సెంటర్‌లో మా చెల్లె స్కాలర్‌షిప్ ఫారం నింపించినం. చెల్లె పుట్టింది జూలై 5న. ప్రింటులో మే 7 అని పడ్డది. మేం చూసుకోలేదు. సర్టిఫికెట్‌తో కలవలేదని ఫారం వాపసు వచ్చింది. నాయిన కూలి పోగొట్టుకొని మూడుసార్లు తిరిగిండు.

దసరా సెలవుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో పైథాన్ కోర్సు నేర్చుకుంటున్న మా అన్న రూముకు పోయిన. ఇట్ల ఎందుకైతది అని అడిగితే కంప్యూటర్ మీద చేసి చూపించిండు. అదే మీకు చెప్తున్న.

పైథాన్‌తో వెబ్‌సైట్లు తయారు చేయడానికి జాంగో అనేది ఒకటి ఉంది. (ఇంగ్లీషులో ముందు డి అక్షరం రాస్తారు గానీ పలకరు!) అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో ఒక వార్తాపత్రిక ఆఫీసులో పుట్టి, 2005లో అందరికీ అందింది. అమెరికావాళ్లు తేదీలో ముందు నెల రాస్తారు. జాంగోలో ఏమీ మార్చకుండా ఫారం చేసి 05/07/2012 అని కొడితే ఐదో నెల, ఏడో తారీఖు అని చదువుకుంటది. తప్పు అని కూడా అనదు. 25/07/2012 అని కొడితే మాత్రం ఒప్పుకోదు, ఎందుకంటే 25వ నెల లేదు కదా. అంటే నెలలో మొదటి 12 రోజుల్లో పుట్టినవాళ్లకే చిక్కు. దీనికి మందు ఒక్క లైనే. ఆ గడికి ఇన్‌పుట్ ఫార్మాట్స్ అనే చోట ముందు రోజు, తర్వాత నెల, తర్వాత సంవత్సరం అని రాయాలి.

ఫారం తనిఖీ రెండు చోట్ల జరుగుతుంది. బ్రౌజర్‌లో జరిగేది మన గేటు దగ్గర వాచ్‌మన్ లాంటిది. గోడ దూకి పోయేవాళ్లు ఉంటారు (ఎవరో నేను చెప్పను). అందుకే వార్డెన్ సారు రాత్రి హాజరు తీసుకున్నట్టు సర్వర్‌లో మళ్లీ చూడాలి. అక్కడ జాంగో కొట్టిన అక్షరాలను ముందు తేదీగానో అంకెగానో మారుస్తుంది. తర్వాత పొడవు, హద్దులు చూస్తుంది. ఆ తర్వాత మనం రాసిన నియమాలు. చివరకు గడులన్నీ కలిపి చూస్తుంది: బడిలో చేరిన తేదీ పుట్టిన తేదీకి ముందుంటే పట్టుకోవాలి కదా! తప్పు దొరికితే ఆ గడి దగ్గరే చెప్తుంది. మిగతావన్నీ మళ్లీ కొట్టే పని లేదు.

అయితే తనిఖీ ఎక్కువైనా కష్టమే. పేరులో అక్షరాలే ఉండాలని అన్న ఈజ్ ఆల్ఫా అనే పరీక్ష పెట్టిండు. తెలుగులో రమ అని కొడితే పాసైంది. సీత అని కొడితే ఫెయిల్! పైథాన్ లెక్కలో మన గుడి దీర్ఘం అక్షరం కాదట. నాకు నవ్వు, కోపం రెండూ వచ్చినయి. అన్న ఆ పరీక్ష తీసేసిండు.

ఇంకొకటి. చెప్పకపోతే జాంగో ప్రతి గడీ నింపాల్సిందే అంటది. మా గూడెంలో ఇండ్లకు నంబర్లే లేవు, ఇంటి నంబరు గడిలో ఏం రాస్తం? దానికి రిక్వైర్డ్ ఫాల్స్ అని పెడితే ఖాళీగా వదలొచ్చు. అన్న అదీ పెట్టిండు. చెల్లె వివరాలు మళ్లీ కొట్టినం. ఇంటి నంబరు ఖాళీ, పుట్టినరోజు జూలై 5. ఫారం తీసుకుంది.